ఒకే తరగతిలో ఐదు ఇంటి భాషలు: చదవడం నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: బెంగళూరు తూర్పు శివార్లలోని ఒక ప్రభుత్వ కన్నడ మాధ్యమ పాఠశాలలో నాలుగో తరగతికి బోధిస్తున్నాను. మాది హిందూపురం ప్రాంతం. ఇంట్లో తెలుగు, చదువుకున్నది కన్నడం. నా తరగతిలోని 34 మందిలో సగానికి పైగా భవన నిర్మాణ కూలీల పిల్లలు. కదిరి, ధర్మవరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు, రాయచూరు, యాదగిరి నుంచి వచ్చిన కన్నడిగులు, తమిళం మాట్లాడేవాళ్లు, దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్లు, ఈ ఏడాదే చేరిన ఇద్దరు ఒడియా పిల్లలు ఉన్నారు. మూడో తరగతి దాకా నలికలి అనే కార్డుల పద్ధతిలో నేర్చుకున్న పిల్లల చేతికి ఒక్కసారిగా పాఠ్యపుస్తకం వచ్చింది. కొందరు అక్షరాలే గుర్తుపట్టరు. కొందరు గడగడా చదువుతారు, ఏం చదివావని అడిగితే తెల్లముఖం వేస్తారు. ఇంకొందరు బోర్డు మీదిది అందంగా దించుకుంటారు గానీ తాము రాసినదాన్ని చదవలేరు. ఒక బాబు లెక్కల్లో చురుకు, మాటల్లో చురుకు, అక్షరం మాత్రం నిలవదు. తెలుగు పిల్లలతో నేను తెలుగులో మాట్లాడితే వారికి కన్నడం ఎప్పటికీ రాదని సహోద్యోగులు హెచ్చరిస్తున్నారు. పాఠాలు పూర్తి చేయాలన్న ఒత్తిడి ఎలాగూ ఉంది. తల్లిదండ్రులు చదువుకోనివారు, పైగా ఎప్పుడు ఊరు మారతారో తెలియదు. ఏ పద్ధతి పాటిస్తే అందరికీ చదవడం వస్తుంది?

సమాధానం:

ఉపాధ్యాయిని గారికి నమస్కారం.

ఏ పద్ధతి పాటించాలని అడిగారు. పద్ధతి గురించి తప్పకుండా చెబుతాను, కానీ దానికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. అది చేయకుండా ఏ పద్ధతి చేపట్టినా అది కొందరికే అందుతుంది. మీ ఉత్తరంలోనే నాలుగు రకాల పిల్లలు కనిపిస్తున్నారు: అక్షరం గుర్తుపట్టనివారు, చదివి అర్థం చెప్పలేనివారు, దించి రాసి చదవలేనివారు, అన్నిటిలో చురుకుగా ఉండి అక్షరం దగ్గర ఆగిపోయిన బాబు. మూల్యాంకన పట్టికలో వీరందరి పేర్ల ఎదురుగా "చదవలేరు" అన్న ఒక్క మాటే పడుతుంది. ఆ మాట వెనుక ఉన్న కారణాలు వేరువేరు. కారణాన్ని బట్టి బోధన మారాలి గానీ, ఎన్నో తరగతి అన్నదాన్ని బట్టి కాదన్నదే నేను మీకు చెప్పదలచినది.

కాబట్టి మొదటి రెండు వారాలు ప్రతి బిడ్డనూ విడిగా కూర్చోబెట్టుకుని చదివించి వినండి. ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు చాలు. మిగిలినవారికి బొమ్మలు గీసే పనో, పుస్తకాలు తిరగేసే పనో అప్పగిస్తే రోజుకు నలుగురైదుగురిని వినవచ్చు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి వాడుతున్న సాధనం ఇందుకు బాగా పనికొస్తుంది: కొన్ని అక్షరాలు, కొన్ని సులువైన పదాలు, నాలుగు చిన్న వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి కథ. పేరాతో మొదలుపెట్టి, అది చదవగలిగితే కథకు, చదవలేకపోతే పదాలకు, అక్కడా ఆగిపోతే అక్షరాలకు వెళ్లాలి. దీనికి మీరు ఒక మెట్టు చేర్చాలని నా కోరిక. బిడ్డ చదవలేకపోయిన పేరానో, చదివి అర్థం చెప్పలేకపోయిన పేరానో మీరే కన్నడంలో మెల్లగా చదివి వినిపించి, "ఇందులో ఏం జరిగింది, నీకు ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పు" అని అడగండి. విన్నప్పుడు అర్థమై చదివినప్పుడు అర్థం కాకపోతే ఇబ్బంది అక్షరాల దగ్గర ఉంది. విన్నప్పుడు కూడా అర్థం కాకపోతే ఇబ్బంది కన్నడ భాష దగ్గర ఉంది. అదే సంగతి తెలుగులో చెప్పగానే ఆ బిడ్డ కళ్లు వెలిగి కథ మొత్తం తిరిగి చెప్పిందంటే, ఆలోచనలో ఏ లోటూ లేదని మీకూ ఆ బిడ్డకూ అక్కడికక్కడే తేలిపోతుంది. మార్కు వేయకండి, ఏ అక్షరం దగ్గర తడబడిందో, ఏ మాట అన్నదో ఉన్నదున్నట్టు రాసుకోండి.

ఇలా విడదీసి చూడటానికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలను పలుకుగా మార్చగలగడాన్ని, ఆ భాష వింటే అర్థమయ్యే శక్తితో గుణించగా వచ్చే ఫలమని గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ప్రతిపాదించారు. అది కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. ధర్మవరం నుంచి వచ్చిన తెలుగు పిల్ల మీ పాఠాన్ని గడగడా చదివి ఏమీ చెప్పలేకపోతే ఆమెకు ఇంకో వంద సార్లు చదివించడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే లోపం చదవడంలో లేదు. రాయచూరు నుంచి వచ్చిన పిల్లవాడికి మీరు చెప్పే కథంతా అర్థమవుతూ అక్షరాలు మాత్రం రాకపోతే, అతనికి అర్థాలు వివరించినందువల్ల ఒరిగేదేమీ లేదు. ఇప్పుడు మన తరగతుల్లో జరుగుతున్నది సరిగ్గా ఇదే: మొదటి పిల్లకు రెండోవాడి మందు, రెండోవాడికి మొదటి పిల్ల మందు ఇస్తున్నాం.

అక్షరాల దగ్గర ఆగినవారి సంగతి ముందు చూద్దాం. నాలుగో తరగతికి వచ్చినా గుణింతాలు, ఒత్తులు రాలేదంటే పిల్లలు మందమతులని చాలామంది తొందరపడి నిర్ణయిస్తారు. అది అన్యాయం. కన్నడంలో 34 హల్లులకు గుణింతపు రూపాలు కలిపితేనే నాలుగు వందలు దాటుతాయి, పైన ఒత్తులున్నాయి; తెలుగు సంగతీ అంతే. కన్నడ చదివే పిల్లల మీద సోనాలి నాగ్ చేసి 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరజ్ఞానం నాలుగో తరగతి దాకా కూడా పెరుగుతూనే ఉంటుందని చూపింది. ఇంగ్లీషులో ఇరవయ్యారు అక్షరాలు ఏడాదిలో వచ్చేస్తాయి గనుక మన లిపులూ అంతే త్వరగా రావాలని ఆశించడం లిపి స్వభావం తెలియకపోవడం వల్ల వచ్చిన పొరపాటు. ఒకటి రెండు తరగతుల్లో అక్షరాలు "అయిపోయాయి" అనుకుని ఆ తర్వాత వాటిని నేర్పడం మానేయడమే అసలు నష్టం.

నలికలిలో వర్ణమాల క్రమాన్ని పక్కనపెట్టి ర, గ, స, ద, అ అన్న ఐదు అక్షరాలతో మొదలుపెట్టడం మీకు తెలిసినదే. ఆ ఐదింటితోనే సర, అరస, అగస, గరగస, దసర అనే పదాలు చదవగలగడం వల్ల బిడ్డకు మొదటి వారాల్లోనే చదివిన తృప్తి కలుగుతుంది. ఆ తెలివైన పద్ధతిని నాలుగో తరగతిలో కొనసాగించడానికి మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు. గుణింతాలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక్క "క"కు పన్నెండు రూపాలూ వల్లె వేయించే బదులు, పదంలో గుర్తు మారితే అర్థం ఎలా మారుతుందో చూపించండి: మర అంటే చెట్టు, మరి అంటే జంతువు పిల్ల, మురి అంటే విరువు, మూరు అంటే మూడు. నాలుగు కార్డుల మీద నాలుగు బొమ్మలు, నాలుగు పదాలు. పిల్లలు గుర్తులను చేత్తో జరుపుతూ ఏ గుర్తు ఏ పలుకు తెస్తుందో తామే కనిపెడతారు. వల్లె వేసినవాడు వరుస తప్పితే మళ్లీ మొదటికి వస్తాడు. ఇలా నేర్చినవాడు కొత్త పదం ఎదురైనా ధైర్యంగా విడదీస్తాడు. ఒత్తుల్లో అమ్మ, అక్క, అణ్ణ, బెల్ల, హళ్ళి వంటి ద్విత్వాలను ముందు, శాస్త్ర వంటి సంయుక్తాలను చాలా తర్వాత పెట్టండి. ఖ, ఘ వంటి మహాప్రాణాలను ఇంకా ఆలస్యం చేసినా ముంచుకొచ్చేది ఏమీ లేదు.

తెలుగు పిల్లల్లో ఎవరైనా ఊళ్లో రెండో మూడో తరగతి చదివి వచ్చి ఉంటే వారిని వేరుగా చూడండి. వారికి లిపి కొత్త కాదు. ర, గ, స, ద, అ చూడగానే గుర్తుపడతారు, గుణింతం ఆలోచన ముందే ఉంది. క, త వంటి కొన్ని అక్షరాల ఆకారాలు మాత్రమే కొత్తవి. వారిని అక్షరాలు రానివారి జట్టులో కూర్చోబెట్టడం వారికి వచ్చిన చదువును చెరిపేయడమే అవుతుంది. వారు తడబడే చోట్లు మీకు సులభంగా తెలుస్తాయి. సూర్య అన్న పదాన్నే తీసుకోండి: తెలుగులో ర రాసి దాని కింద య ఒత్తు పెడతాం, కన్నడంలో య రాసి దాని పక్కన అర్కావొత్తు (ర పలుకు గుర్తు) పెడతారు. తెలుగు చదివిన బిడ్డ దాన్ని "సూయర" అని చదివితే అది అజ్ఞానం కాదు, తనకు తెలిసిన నియమాన్ని నిజాయితీగా పాటించడం. ఒక్క పూట కూర్చుని ఆ తేడా చూపిస్తే సరిపోతుంది.

ఇక భాష దగ్గర ఆగినవారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మీ సహోద్యోగుల హెచ్చరిక, అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. తెలుగులో మాట్లాడితే కన్నడం రాదన్న నమ్మకం మంచి ఉద్దేశంతో పుట్టినదే కావచ్చు, కానీ అది నిజం కాదు. ఒక భాషలో గట్టిపడిన ఆలోచన, చదివే నేర్పు రెండో భాషకు బదిలీ అవుతాయని జిమ్ కమ్మిన్స్ 1979లోనే ప్రతిపాదించారు. కథలో ముందేం జరిగింది, తర్వాత ఏం జరగవచ్చు, ఆ కుందేలు ఎందుకలా చేసింది అని ఆలోచించడం బిడ్డకు తెలుగులో అలవడితే, కన్నడంలో మళ్లీ మొదటి నుంచి నేర్పనక్కరలేదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ బోధన వీలైనంత వరకు బిడ్డ మాతృభాషలో ఉండాలని చెబుతుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకు వీలున్నచోట ఇంటి భాషనే మాధ్యమంగా ఉంచాలంటుంది. ఐదు భాషలున్న మీ తరగతిలో ఐదు మాధ్యమాలు నడపడం అసాధ్యం, అలా నడపమని ఎవరూ మిమ్మల్ని అడగరు. కానీ బిడ్డ నోట ఇంటి మాటను నిషేధించడానికి మాత్రం ఏ చట్టమూ, ఏ విధానమూ మీకు అండగా నిలవవు.

కాబట్టి తెలుగులో మాట్లాడండి, అయితే ఒక క్రమంతో మాట్లాడండి. కొత్త పాఠం మొదలుపెట్టే ముందు ఆ పాఠం దేని గురించో తెలుగులో రెండు నిమిషాలు ముచ్చటించండి. తర్వాత అదే పాఠాన్ని కన్నడంలో బొమ్మలు చూపిస్తూ, అభినయిస్తూ వినిపించండి. ఆ తర్వాతే చదివించండి. బిడ్డ తెలుగులో జవాబిస్తే "కన్నడంలో చెప్పు" అని ఆపకండి. ఆ జవాబును మీరే కన్నడంలో మెత్తగా తిరిగి అని, ఆమె చేత ఒకసారి అనిపించండి. ప్రతి వాక్యానికీ వెంటనే తెలుగు చెప్పేయడం మాత్రం వద్దు, అలా చేస్తే బిడ్డ కన్నడ వాక్యాన్ని వినడం మానేసి తెలుగు కోసం ఎదురుచూస్తుంది. రెండు భాషల చుట్టరికం కూడా మీకు కలిసివస్తుంది. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పల్లె హళ్ళి, పది హత్తు అని వరుసగా గోడ మీద రాస్తే, ఈ మలుపును పిల్లలే పట్టుకుని ఇంకొన్ని పదాలు వెతుక్కొస్తారు. అలాగే మోసగించే మాటలూ ఉన్నాయి. "ఇల్లి" అంటే ఇక్కడ అని తెలియని తెలుగు పిల్ల ఇల్లు అనుకుంటుంది. అటువంటివి ఎదురైనప్పుడల్లా పిల్లలందరి ముందూ సరదాగా విడమరచండి.

మీ కన్నడ పిల్లల గురించి కూడా ఒక మాట. రాయచూరు, యాదగిరి పిల్లలకు ఇంటి భాష కన్నడమే కదా అని వారిని ఈ లెక్కలోంచి తీసేయకండి. వారి ఇంటి కన్నడానికీ పాఠ్యపుస్తకపు కన్నడానికీ మధ్య దూరం చాలా ఉంటుంది. మైసూరు వైపు పల్లెల పిల్లలు "హాలు"ను "ఆలు" అని చదివితే దాన్ని తప్పుగా గుర్తించకండి. ఆ బిడ్డ అక్షరాన్ని సరిగ్గానే గుర్తుపట్టి తన ఊరి ఉచ్చారణతో పలికింది. కదిరి యాసలో తెలుగు మాట్లాడే బిడ్డను విజయవాడ వాచకంతో కొలిస్తే మనకు ఎంత బాధ కలుగుతుందో ఇదీ అంతే.

ఒక్క విషయంలో మాత్రం మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. మీకు తెలుగు, కన్నడం వచ్చు గనుక తెలుగు పిల్లలకు మీ దగ్గర తలుపు తెరిచి ఉంటుంది. మూల కూర్చున్న ఇద్దరు ఒడియా పిల్లలకూ, దక్కనీ మాట్లాడే పిల్లలకూ ఆ తలుపు లేదు. మీ తెలుగు ఒక వర్గానికి దొరికే అదనపు ప్రేమగా మిగతావారికి కనిపించకూడదు. భాష రాకపోయినా చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఉదయం హాజరు వేళ "నీళ్లను మీ ఇంట్లో ఏమంటారు" అని అందరినీ అడిగి ఐదు మాటలూ కన్నడ లిపిలో బోర్డు మీద రాయండి. రోజుకొక్క మాట చాలు. ఒడియా పిల్ల తన మాట బోర్డు మీద చూసుకుని నోరు విప్పిన రోజు నుంచి ఆమె కన్నడం కూడా కదలడం మొదలవుతుంది. ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో ఒడియా, కన్నడం రెండూ వచ్చిన పెద్ద పిల్లలుంటే వారానికి ఒకటి రెండు సార్లు అరగంట పంపించమని అడగండి. బెంగళూరు కేంద్రంగా పనిచేసే ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. చాలా కథలకు తెలుగు, కన్నడ, తమిళ, ఉర్దూ, ఒడియా రూపాలున్నాయి, స్థాయిల వారీగా విభజించి ఉన్నాయి. ఒకే కథను రెండు భాషల్లో అచ్చు తీసి ఎదురెదురుగా కుట్టి ఉంచితే, ఇంట్లో ఆ భాష చదవగలిగినవారు ఒక్కరున్నా అది ఇంటి దాకా వెళ్తుంది.

ఇప్పుడు మీరడిగిన పద్ధతి. మీ తరగతికి నేను అన్నిటికంటే ముందు సూచించేది, పిల్లలు చెప్పినదాన్నే పాఠంగా మార్చడం. ఇది పుస్తకాలు లేని చోట కూడా నడుస్తుంది, అక్షరాలు రానివారినీ భాష రానివారినీ ఒకే చోట కూర్చోబెట్టగలుగుతుంది. వారి నాన్న రోజంతా ఏం చేస్తాడని అడగండి. ఒక పిల్ల "మా నాయన ఇటుకలు మోస్తాడు" అంటుంది. దాన్ని కన్నడంలో "నమ్మప్ప ఇట్టిగె హొరుత్తారె" అని ఎలా అంటారో పిల్లల చేతనే చెప్పించి, పెద్ద అక్షరాలతో రాయండి. ఆ ఒక్క చిన్న వాక్యంలో మ్మ, ప్ప, ట్టి, త్తా అన్న నాలుగు ద్విత్వాలున్నాయని గమనించారా? పాఠ్యపుస్తకం పది పేజీల్లో వెతికి నేర్పే సంగతి బిడ్డ ఇంటి సంగతిలోనే దొరికింది. అక్షరాలు రానివారు ఆ వాక్యాన్ని కత్తిరించి పదాలుగా, పదాలను అక్షరాలుగా విడగొట్టి తిరిగి పేరుస్తారు. అక్షరాలు వచ్చినవారు దానికి ఇంకో మూడు వాక్యాలు చేర్చి రాస్తారు. భాష రానివారు ఎవరి నాన్న ఏం మోస్తాడో ఒకరినొకరు కన్నడంలో అడుగుతారు. ఇసుక, కంకర, సిమెంటు, సెంట్రింగు ఈ పిల్లలకు తెలిసినంతగా మనకు తెలియవు; ఆ తెలిసినదాన్ని తరగతిలోకి రానిస్తే వారు నేర్పేవారు కూడా అవుతారు. ఇలా రాసిన కాగితాలను నలికలి గదిలోలాగా తీగకు వేలాడదీయండి, చేతికందే ఎత్తులో ఉంచండి. వారంలో రెండుసార్లు వాటినే తిరిగి చదివించండి.

రోజును ఎలా పంచుకోవాలో కూడా చెబుతాను, కానీ దీన్ని నియమంగా తీసుకోకండి. భాషకు మీకు దొరికే సమయంలో మొదటి పదిహేను నిమిషాలు అందరికీ కలిపి మంచి కథ గట్టిగా చదివి వినిపించండి. ఇది వినోదం కోసం కాదు; పుస్తకపు కన్నడం వారి చెవిన పడే మార్గం ఇదొక్కటే. తర్వాత అరగంట పిల్లలు తమ స్థాయి జట్లలో పనిచేస్తారు, మీరు ఆ రోజు ఒకే జట్టు దగ్గర కూర్చుంటారు. చివర పది నిమిషాలు ప్రతి ఒక్కరూ సొంతంగా ఏదైనా రాస్తారు, రానివారు బొమ్మ గీసి కింద ఒక్క పదమైనా రాస్తారు. జట్లు శాశ్వతం కాకూడదు. ఆరు వారాలకు ఒకసారి మళ్లీ చదివించి విని మార్చండి, లేకపోతే వెనుక జట్టు అన్న ముద్ర బిడ్డకు జీవితాంతం అంటుకుంటుంది. స్థాయిని బట్టి జట్లు కట్టడం మీ పాఠశాలకు కొత్తేమీ కాదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పల్లె బడుల కోసం రూపొందిన కార్డులు, మెట్టు మెట్టుగా ఎక్కే నిచ్చెనల పద్ధతిని చూసి మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా ఉపాధ్యాయులు 1995లో నలికలిని మొదలుపెట్టారు. తర్వాత అది కర్ణాటక ప్రభుత్వ కన్నడ బడులన్నిటికీ చేరింది. చెన్నై నగరపాలక పాఠశాలల్లో 2003లో మొదలైన కృత్యాధార బోధనకూ రిషి వ్యాలీయే ప్రేరణ. మన రాయలసీమ నేలలో మొలకెత్తినది మీ గదిలో మూడో తరగతితో ఆగిపోవలసిన అవసరం లేదు.

రెండు అలవాట్లను మాత్రం పూర్తిగా మానేయమని గట్టిగా కోరుతున్నాను. ఒకటి, తరగతి మొత్తం కోరస్‌గా చదవడం. గొంతు కలిపిన పిల్లల్లో ఎవరు చదువుతున్నారో, ఎవరు పక్కవాడి పెదవులు చూస్తున్నారో మీకు ఎన్నటికీ తెలియదు. రెండోది, బోర్డు మీదిది దించి రాయించడం. ముత్యాల్లాంటి దస్తూరి ఉన్న పిల్లలే అందరికంటే ఆలస్యంగా బయటపడతారు, ఎందుకంటే వారి నోటుపుస్తకం చూసిన ప్రతి అధికారీ "బాగుంది" అని సంతకం పెట్టి వెళ్తాడు. దించే సమయంలో సగం ఉక్తలేఖనానికి, సగం సొంత రాతకు ఇవ్వండి. తప్పులు ఎక్కువ కనిపిస్తాయి. కనిపించనివ్వండి, వాటి నుంచే రేపటి పాఠం దొరుకుతుంది.

లెక్కల్లో చురుకైన బాబు గురించి. మూడేళ్లు క్రమంగా బడికి వచ్చి, ఇంటి భాషలో చక్కగా మాట్లాడుతూ, అక్షరం మాత్రం నిలవని బిడ్డకు డిస్లెక్సియా (చదవడం నేర్చుకోవడంలో ఇబ్బంది కలిగించే అభ్యసన వైకల్యం) ఉండే అవకాశం ఉంది. అయితే అక్షరాలు తిప్పి రాసినంత మాత్రాన, ప-వ, బ-భ తారుమారు చేసినంత మాత్రాన ఆ నిర్ణయానికి రాకండి. చిన్న పిల్లల్లో చాలామంది కొంతకాలం అలా చేస్తారు. ముందుగా కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత అతని ఇంటి భాషలోనే కొన్ని నోటి ఆటలు ఆడించి చూడండి: "పలక"లో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది, "కాలు"తో ప్రాస కలిసే మాట ఏది. ఇంటి భాషలో కూడా ఈ ఆటలు చాలా కష్టమైతే అనుమానం బలపడుతుంది. కన్నడంలోనే కష్టమై ఇంటి భాషలో సులువైతే అది భాష సమస్య. అనుమానం బలపడితే మీ బ్లాకు వనరుల కేంద్రంలో సమ్మిళిత విద్య (ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు) చూసే ఉపాధ్యాయుణ్ణి పిలిపించండి, తల్లిదండ్రులకు బెంగళూరులోని మానసిక ఆరోగ్య, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ దారి చూపించండి. నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది గనుక పరీక్షల్లో వెసులుబాట్లు అడిగే హక్కు ఆ బాబుకు ఉంటుంది. ధ్రువపత్రం వచ్చేదాకా మీరు ఆగనవసరం లేదు. వారానికి మూడు నాలుగు అక్షరాలకు మించకుండా, ఇసుకలో వేలితో దిద్దిస్తూ, పలుకుతూ, పాతవి రోజూ తిరగేస్తూ సాగండి. పాఠాల్లోని విషయాన్ని నోటితో అడిగి మార్కులివ్వండి. అందరి ముందు నిలబెట్టి చదివించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. తెలివైన బిడ్డకు తాను తెలివితక్కువవాడినన్న నమ్మకం ఒకసారి కలిగితే దాన్ని తీయడం అక్షరాలు నేర్పడం కంటే కష్టం.

పాఠాలు పూర్తి కావాలన్న ఒత్తిడికి మీ దగ్గర ఉండే మంచి జవాబు మీరు రాసుకున్న కాగితాలే. 2024 అసర్ నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. మీ తరగతి పరిస్థితి మీ చేతకానితనం కాదని ప్రధానోపాధ్యాయులకు చెప్పడానికి ఈ అంకె చాలు. కేంద్రం 2021 జూలైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకం కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి అర్థం చేసుకుంటూ చదవడం రావాలన్నదే లక్ష్యంగా పెట్టుకుంది. ఆ గీత దాటి మీ గదికి వచ్చేసిన పిల్లలకు ఆ పని ఇప్పుడు చేయకపోతే చేసేవారు ఇంకెవరూ ఉండరు. పాఠ్యపుస్తకంలోని పాఠాలను వదిలేయమని నేను అనడం లేదు. మీరు చదివి వినిపించే పదిహేను నిమిషాల్లో వాటినే వినిపించండి, విషయం అందరికీ చేరుతుంది.

చివరగా తల్లిదండ్రులు. చదువు రాని తల్లి ఇంట్లో ఏం చేయగలదని మీరు అనుకోవద్దు. "ఈ రోజు టీచరమ్మ చెప్పిన కథ నాకు చెప్పు" అని రాత్రి వంట చేస్తూ అడిగితే చాలు. తెలుగులో తిరిగి చెప్పిన కథ మరుసటి రోజు కన్నడంలో చదవడానికి నేరుగా ఉపయోగపడుతుందని వారికి వివరించండి, ఇంట్లో కన్నడమే మాట్లాడాలని ఎవరైనా వారికి చెప్పి ఉంటే ఆ భయం పోగొట్టండి. పని ఒక చోట అయిపోగానే ఇంకో చోటికి, వేరుశనగ కోతలకు ఊరికి, కొన్నిసార్లు చెప్పకుండానే కుటుంబాలు కదిలిపోతాయి. అందుకని ప్రతి బిడ్డకూ ఒక పేజీ తయారు చేసి ఎప్పటికప్పుడు నింపుతూ ఉండండి: ఏ అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చాయి, ఏ స్థాయి పేరా చదువుతుంది, ఇంటి భాష ఏది, ఏ కథలంటే ఇష్టం. దాన్ని కన్నడంలోనూ, ఆంధ్రకు వెళ్లేవారికి తెలుగులోనూ రాయగలిగిన టీచరు ఆ బడిలో మీరొక్కరే. నకలు తల్లి చేతికి ముందే ఇచ్చి ఉంచండి. కొత్త బడిలో టీసీ ఆలస్యమైందన్న కారణంతో బిడ్డను చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లో ఉందని, ఆ సంగతి అక్కడ ధైర్యంగా అడగమని కూడా చెప్పండి.